మీ ఆయన చార్లెస్ బీల్ కావాలంటే

ఇంగ్లండులో, లండన్‌కు గంటన్నర రైలు ప్రయాణం దూరంలో ఉన్న ఊరి నుంచి ఈ ఉత్తరం వచ్చింది. పేరు, ఊరు వేయవద్దన్నారు. ఎనిమిది పేజీలు రాశారు కాబట్టి కుదించి చెబుతున్నాను.

ఆమెకు 38 ఏళ్లు. పుట్టిల్లు గుంటూరు జిల్లా. తండ్రి హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య పెళ్లయ్యాక అటకెక్కింది. నాలుగేళ్ల కిందట ఒక స్నేహితురాలు, చనిపోయిన తన తండ్రి పాస్‌పోర్టు సైజు ఫోటో తెచ్చి, దీన్ని చూసి నాన్నను వేసిపెట్టగలవా అని అడిగింది. వేశారు. ఆ పటాన్ని చూసినవాళ్లు తమకూ కావాలన్నారు. ఇప్పుడు నెలకు నాలుగు తైలవర్ణ చిత్రాలు, ఒక్కోటి 180 పౌండ్లు. అడిగేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే: షష్టిపూర్తికి అమ్మానాన్నల బొమ్మ, గృహప్రవేశానికి తాతగారి బొమ్మ.

ఎనిమిది నెలల కిందట భర్త ఉద్యోగం పోయింది. మొదటి నెల దిగులుగా గడిపిన మనిషి రెండో నెల నుంచి ఆమె పనిలో చేయి వేశారు. కాన్వాసులు బిగిస్తారు, పటాలకు చట్రాలు కడతారు, ఫోటోలు తీస్తారు, వచ్చిన సందేశాలకు జవాబులిస్తారు, లెక్కలు రాస్తారు. అన్నీ శుభ్రంగా చేస్తారు. "అదే నా కష్టం. తప్పు పట్టడానికి ఏమీ లేదు" అని రాశారు ఆవిడ. డబ్బు ఆయన ఖాతాలో పడుతోంది. ఒక రోజు గుడిలో తెలిసినవాళ్లు ఆమెను పక్కకు పిలిచి, మాకు 180 అని చెప్పి మీవారు 250 అడిగారేమిటి అని నిలదీశారు. ధర పెంచిన సంగతి ఆమెకు తెలియదు. మరొకరికి "ఈ నెల మాకు ఖాళీ లేదు" అని ఆయన జవాబు పంపారు. ఆ అడిగినావిడ తల్లి ఆసుపత్రిలో ఉంది. ఆ బొమ్మ తాను వేసి ఉండేదాన్నని ఈమె బాధ. నెల్లూరులో ఉన్న అత్తగారికి మాత్రం కొడుకు ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తున్నాడని చెబుతూ వస్తున్నారు.

మధ్యలో ఇద్దరూ లండన్ వెళ్లి నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో మేరీ బీల్ అనే 17వ శతాబ్దపు చిత్రకారిణి స్వీయచిత్రం చూశారు. ఆమె భర్త చార్లెస్ ఆమెకు రంగులు తయారుచేసి, లెక్కలు రాసిపెట్టేవాడని తెలిసి ఈయన పొంగిపోయారు. అప్పటి నుంచి వచ్చినవాళ్లందరికీ "నేను ఈవిడ చార్లెస్‌ని" అని పరిచయం చేసుకుంటున్నారు. ఇంతలో ఆయనకు 200 మైళ్ల దూరంలో ఉద్యోగం వచ్చింది. జీతం పాతదానిలో మూడింట రెండు వంతులు, వారంలో నాలుగు రోజులు అక్కడే ఉండాలి. నెలాఖరులోగా జవాబు చెప్పాలి. ఆయనకు వెళ్లాలని లేదు. "ఆయన వెళితే బాగుండునని నాకు ఒక మూల అనిపిస్తోంది. ఈ మాట రాయడానికి మూడు రోజులు పట్టింది" అన్నారు ఉత్తరం చివర. దాని కింద ఇంకో వాక్యం. పదమూడేళ్ల కూతురు ఒక రాత్రి అన్నం తింటూ అడిగిందట: "అమ్మా, నువ్వు నాన్న దగ్గర పని చేస్తున్నావా?"

మేరీ బీల్ సుఖపడిందా, నేనేం చేయాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, ఆయన వెళితే బాగుండునన్న మాట రాయడానికి మూడు రోజులు పట్టిందన్నారు. అది పాపపు మాట కాదు. ఎనిమిది నెలలుగా ఇంట్లో మీకంటూ గది లేదు, గంట లేదు, అడిగినవాళ్లకు మీ నోటితో చెప్పే జవాబు కూడా లేదు. మనిషి మీద విసుగు లేకుండా మనిషి దూరంగా ఉంటే బాగుండునని అనిపించవచ్చు. మా ఆయన రిటైరైన కొత్తలో నాకు సాయం చేస్తానని వంటింటి డబ్బాలన్నీ సర్ది, ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీలు అంటించారు. రెండు నెలలపాటు నాకు ఇంగువ దొరకలేదు. ఆ రెండు నెలల్లో నాకు వచ్చిన ఆలోచనలు ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు మేరీ బీల్ సంగతి. మీ ఆయన ఆమె కథలో తనకు నచ్చిన ముక్క పట్టుకున్నారు. మీకు మిగతాది కూడా తెలియాలి.

ఆమె 1633లో సఫోక్‌లోని బారో అనే పల్లెలో పుట్టింది. తండ్రి జాన్ క్రాడాక్ ప్యూరిటన్ మతగురువు, సరదాకు బొమ్మలు వేసేవాడు. మీలాగే ఆమెకూ కుంచె తండ్రి ఇంట్లోనే పరిచయమైందని అనుకోవచ్చు. పదేళ్లకు తల్లి పోయింది. 1652 మార్చిలో చార్లెస్‌తో పెళ్లయింది. పెళ్లయిన కొద్ది రోజులకే తండ్రి పోయాడు. చార్లెస్‌కు ప్రభుత్వ పేటెంట్ల కార్యాలయంలో డిప్యూటీ క్లర్కు ఉద్యోగం ఉండేది. లండన్‌లో ఫ్లీట్ స్ట్రీట్ దగ్గర కాపురం. ఆ రోజుల్లోనే ఆమె బొమ్మలు వేసేది. 1658లో వచ్చిన ఒక చిత్రకళా గ్రంథంలో ఆమె పేరు కనిపిస్తుంది. ఇంగ్లండులో వృత్తిగా బొమ్మలు వేసిన మొదటి స్త్రీ ఆమేనని కొందరు రాస్తారు. ఆ మాట సరి కాదు. జోన్ కార్లైల్ అనే ఆవిడ ఆమె కన్నా ముందే ఆ పని చేసింది. కానీ ఇల్లంతా తన కుంచె మీద నిలబడేలా ఏళ్ల తరబడి నడిపింది మాత్రం మేరీ బీల్. లెక్కలు మనదాకా మిగిలింది కూడా ఆమెవే.

1660ల మధ్యలో చార్లెస్ ఉద్యోగం ఊగిసలాడి, చివరికి పోయింది. 1665లో లండన్‌లో ప్లేగు. ఇద్దరు కొడుకులను తీసుకుని హాంప్‌షైర్‌లోని ఆల్‌బ్రూక్ అనే పల్లెకు వెళ్లిపోయారు. అక్కడ అయిదేళ్లు. మీ ఆయన ఈ అయిదేళ్లను దాటవేసి నేరుగా రంగులు నూరే ఘట్టానికి వెళ్లిపోయారని నా అనుమానం. నాకు మాత్రం కథంతా ఇక్కడే ఉందనిపిస్తుంది.

ఆ పల్లెలో ఆమె స్నేహం గురించి ఒక వ్యాసం రాసింది. తర్వాతి కాలంలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయిన జాన్ టిల్లట్సన్ భార్య ఎలిజబెత్‌కు దాన్ని పంపింది. దేవుడు ఆదాముకు హవ్వను ఇచ్చింది భార్యగా, స్నేహితురాలిగా; బానిసగా కాదు అని అందులో వాదిస్తుంది. భార్యాభర్తల మధ్య స్నేహం ఉండాలంటే ముందు సమానత్వం ఉండాలన్నది ఆమె మాటల సారం. ఉద్యోగం పోయిన భర్త పక్కనే ఉండగా, చేతిలో డబ్బు ఆడని రోజుల్లో ఆ వ్యాసం రాసిందని గుర్తుపెట్టుకోండి. వాళ్లిద్దరి మధ్య ఎవరు ఎవరికి ఏమవుతారన్న మాట దుకాణం తెరవక ముందే కాగితం మీదికి ఎక్కింది. మీ ఇంట్లో దుకాణం ముందు తెరుచుకుంది, ఆ మాట ఇంకా పడలేదు.

మీరు చూసిన స్వీయచిత్రం కూడా 1666 ప్రాంతానిదే. మరోసారి పోస్టుకార్డు తీసి చూడండి. ఆమె చేతిలో చట్రం లేని చిన్న కాన్వాసు ఉంది, దాని మీద ఇద్దరు కొడుకుల ముఖాలు. రంగుల పలక వెనక గోడకు వేలాడుతోంది. చార్లెస్ ఆ బొమ్మలో లేడు. ఇది అతని మీద ఫిర్యాదు కాదు, అతని బొమ్మలు ఆమె వేరే వేసింది. నేను ఎవరు అని తనకు తాను చెప్పుకోవలసి వచ్చినప్పుడు ఆమె గోడకు ఏం తగిలించుకుందో చూడమంటున్నాను.

1670లో లండన్ తిరిగివచ్చి పాల్ మాల్‌లో ఇల్లు తీసుకుని, చిత్రశాల తెరిచారు. అప్పటికి ఆమెకు 37. ఇల్లు గడిచేది ఇక ఆమె కుంచె మీదే అని ఇద్దరూ తెలిసి చేసిన పని అది. తల వరకు బొమ్మకు 5 పౌండ్లు, నడుము వరకు అయితే 10. రాజుగారి ఆస్థాన చిత్రకారుడు పీటర్ లీలీ అదే కాలంలో తల బొమ్మకు 20 తీసుకునేవాడు. బీల్ దంపతుల దగ్గరికి వచ్చినవాళ్లలో మతాధికారులు, వాళ్ల బంధువులు, స్నేహితులు ఎక్కువ. అంటే మీకు తెలుగు సంఘం ఎలాగో వాళ్లకు ఆ చర్చి వర్గం అలాగ. ఒకరిని చూసి మరొకరు వచ్చేవారు. తెలిసినవాళ్లే కొనేవాళ్లయినప్పుడు ధర నిలకడగా ఉండడం ఎంత అవసరమో గుడిలో మీకు ఎదురైన అనుభవమే చెబుతోంది.

చార్లెస్ ఏం చేసేవాడు? రంగులు తయారుచేసేవాడు. లేక్ అనే ఎర్ర రంగు చేయడంలో అతనిది మంచి చేయి. ఒకసారి లీలీకి ఇవ్వవలసిన డబ్బులో కొంత భాగానికి బదులు తన లేక్ రంగునే పంపాడు. కాన్వాసులు సిద్ధం చేసేవాడు, బాకీలు వసూలు చేసేవాడు, ఏడాదికో చిన్న పుస్తకంలో అన్నీ రాసేవాడు. అలాంటి పుస్తకాలు ముప్ఫై దాకా ఉండేవట. ఇప్పుడు పూర్తిగా మిగిలినవి రెండు, 1677వి, 1681వి. ఎవరు కూర్చున్నారు, ఎన్నోసారి కూర్చున్నారు, ఎంత ముట్టింది, ఏ రంగు ఎప్పుడు కొన్నారు, అన్నీ ఉంటాయి. భార్య పేరు రాయవలసిన చోట "నా ప్రియమైన హృదయం" అని రాస్తాడు. పద్దుల పుస్తకంలో ఆ మాట చదివినప్పుడు మనసు కరుగుతుంది, కాదనను. 1677లో 83 బొమ్మల పని, 429 పౌండ్ల ఆదాయం. సంపాదనలో పదో వంతు బీదలకు తీసిపెట్టేవారు, దాని పద్దు వేరే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ 429 పౌండ్లు ఎవరివి? అప్పటి ఇంగ్లండు చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీ సంపాదన భర్తది. 1870లోనూ 1882లోనూ చట్టాలు మారేదాకా అదే పద్ధతి. మేరీ రోజంతా నిలబడి వేసిన బొమ్మ డబ్బు చట్టం దృష్టిలో చార్లెస్ జేబులోదే. అతను మంచివాడు కాబట్టి ఆమెకు ఇబ్బంది కలగలేదనుకుందాం. మీకు ఆ చట్టం లేదు. అయినా డబ్బు ఆయన ఖాతాకే వెళుతోంది, కేవలం ఆయన ఫోనులో అది తేలికగా కుదిరింది కాబట్టి. మీ కూతురు అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఈ ఖాతాలో ఉంది.

ఇంకొకటి. మేరీ ఎంత సంపాదించిందో మనకు పౌండ్లలో తెలుసు. ఆమె నడుము నొప్పి, ఆమె విసుగు, ఎవరి ముఖం వేయడానికి ఆమెకు మనసొప్పలేదో, ఆ పద్దులలో లేవు. అవి చార్లెస్ రాసిన పుస్తకాలు. ఆమె సుఖపడిందా అని అడిగారు కదా. భర్త పద్దులు చూస్తే సుఖపడిందనే అనిపిస్తుంది. ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చి ఉంటే నేనూ నమ్మేదాన్ని. భర్త ప్రేమతో రాసినా సరే, మీ కథ మీ చేతిరాతలో కూడా కొంత ఉండాలి. ఈ ఎనిమిది పేజీలు అందులో మొదటివి అనుకోండి.

ఆమె సొంత మాటల విషయానికి వస్తే, 1663 ఆగస్టులో ఆప్రికాట్ పండ్లు వేస్తూ ఏ రంగు ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ రాలేదో ఆమె రాయించిపెట్టింది. ఇంగ్లీషులో ఒక స్త్రీ చిత్రకళ గురించి రాసిన పాఠాల్లో అది తొలివాటిలో ఒకటి. పని రహస్యం తనది. పద్దు భర్తది. ఆ గీత వాళ్లింట్లో స్పష్టంగా ఉంది. మీ ఇంట్లో చెరిగింది అక్కడే. చట్రాలు కట్టడం, ఫోటోలు తీయడం, లెక్కలు రాయడం చార్లెస్ పనులు. ధర పెంచడం, ఎవరి బొమ్మ వేయాలో వద్దో తేల్చడం మేరీ పనులు. ఆసుపత్రిలో ఉన్న తల్లి బొమ్మ అడిగినావిడకు "ఖాళీ లేదు" అని చెప్పిన రోజు మీ ఆయన రంగుల గిన్నె వదిలి కుంచె పట్టుకున్నారు. కోపంతో కాకుండా, ఈ మాటలతోనే ఆయనకు చెప్పవచ్చు. చార్లెస్ అంటే అంత ఇష్టపడే మనిషికి ఇది అర్థం కాకపోదు.

అయితే ఆయన వైపు కూడా ఒక మాట. 180 పౌండ్లకు తైలవర్ణ చిత్రం వేయడం చవక. వారం పని, రంగులు, కాన్వాసు, చట్రం పోగా మీకు గంటకు ఎంత మిగులుతుందో ఆయన లెక్క వేసే ఉంటారు, అందుకే 250 అన్నారు. ఆయన లెక్క తప్పు కాదు. చెప్పకుండా చేయడం తప్పు. మీకు ధర అడగడానికి మొహమాటం, ఆయనకు ఆ మొహమాటం లేదు. మీ ఇద్దరిలో ఎవరు అడగాలో నాకైతే సందేహం లేదు. ఎంత అడగాలో మాత్రం మీరు చెప్పాలి. గుడిలో అడిగినవాళ్లకు ఒప్పుకున్న ధరకే ఇచ్చేయండి. వచ్చే నెల నుంచి కొత్త ధర అని ఇద్దరూ కలిసి ఒక కాగితం రాసి అందరికీ ఒకేలా చూపండి. పెంచితే కొందరు తగ్గిపోతారు. నెలకు నాలుగు బొమ్మలు మూడవుతాయి. ఆ నాలుగో వారం సంగతి తర్వాత చెబుతాను.

ఇక ఉద్యోగం. వెళ్లమనడం, వద్దనడం నా పని కాదు. ఏ దారికి ఏం ఖర్చవుతుందో చెబుతాను.

ఆయన వెళితే నెలనెలా జీతం వస్తుంది, అత్తగారికి చెప్పిన అబద్ధం దానంతట అదే నిజమైపోతుంది, మీకు వారంలో నాలుగు రోజులు ఇల్లు మిగులుతుంది. కానీ చట్రాలు, సందేశాలు, లెక్కలు, పిల్లల బడి అన్నీ మీ నెత్తిన పడతాయి. అక్కడ గది అద్దె, రైలు ఖర్చు తీసేస్తే ఆ జీతంలో ఎంత మిగులుతుందో ముందు చూడండి. ఒక్కోసారి కాగితం మీద వేసి చూస్తే తేడా నవ్వొచ్చేంత చిన్నదిగా ఉంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. మీకు ఇప్పుడున్న ఊపిరాడని బాధకు దూరం ఒక మందు, కానీ ఎవరి మాట చెల్లాలన్న చిక్కు శుక్రవారం రాత్రి ఆయనతోపాటు రైలు దిగుతుంది.

ఆయన ఉండిపోతే ఇల్లంతా మీ కుడిచేతి మీద నిలబడుతుంది. ఆ చేయి నొప్పి చేస్తే ఏమిటి? 1680లో లీలీ చనిపోయాక మేరీ బీల్‌కు గడ్డుకాలం మొదలైంది. ఆమె బొమ్మలు లీలీ తరహావి. ఆ తరహా పాతబడింది, అడిగేవాళ్లు తగ్గారు. 1681 నాటి పుస్తకంలో పద్దులు 1677లా లేవు. ఆమె చేతిలో లోపం లేదు, జనం కళ్లు మారాయి. షష్టిపూర్తికి బొమ్మలు వేయించే సరదా కూడా ఎప్పుడో తగ్గవచ్చు, లేదా ఫోనులోనే ఎవరో అలాంటి బొమ్మ చేసిచ్చే యంత్రం పెట్టుకోవచ్చు. ఒక్క కుంచె మీద నాలుగు ప్రాణాలు ఆధారపడే ముందు ఆరు నెలల ఖర్చు పక్కన ఉందా అని చూసుకోండి. లేకపోతే ఈ దారి ఇప్పుడు కాదు.

మీరు ఉత్తరంలో రాయని మూడో దారి కూడా ఉంది. ఆ ఉద్యోగానికి ఒక ఏడాది గడువు పెట్టుకుని వెళ్లడం. లేదా దాన్ని వదిలి, ఊళ్లోనే సగం రోజుల పని ఏదైనా చూసుకుని, మిగతా సగం మీ పద్దులు చూడడం. చార్లెస్ కూడా భార్య బొమ్మల లెక్క ఒక్కటే రాస్తూ కూర్చోలేదు. తన రంగులను ఇతర చిత్రకారులకు కూడా ఇచ్చేవాడు. అతనికంటూ ఒక నేర్పు, ఆ నేర్పుకు బయట ఒక విలువ ఉండేవి. మీ ఆయనకు అది ఇప్పుడు లేదు. వచ్చినవాళ్లందరికీ "నేను ఈవిడ చార్లెస్‌ని" అని చెప్పుకునే మనిషి నవ్వుతూనే తనకు ఏదో ఒక పేరు కావాలని అడుగుతున్నారు. ఎనిమిది నెలల కిందట విజిటింగు కార్డు మీద ఉన్న పేరు పోయింది కదా. చట్రాలు కట్టడం ఆయన అంత బాగా చేస్తే, మీ బొమ్మలకే కాక బయటివాళ్ల పటాలకు కూడా కట్టి ఇవ్వవచ్చు. అది ఆయన సొంత ధర, సొంత పద్దు. అప్పుడు మీ ధర మీదికి ఆయన చేయి రాదు.

ఏ దారి ఎంచుకున్నా ఒక పని మాత్రం నెలాఖరు దాకా ఆగనక్కరలేదు. మీ పేరున ఖాతా తెరవండి. ఇంగ్లండులో ఏడాదికి 1,000 పౌండ్లు దాటిన సొంత వ్యాపార రాబడిని పన్నుల శాఖకు చెప్పాలి. నెలకు నాలుగు బొమ్మలు వేసే మీరు ఆ గీతను ఎప్పుడో దాటారు. అక్కడ భార్యకు, భర్తకు పన్ను విడివిడిగా వేస్తారు కాబట్టి ఎవరి పేరున రాబడి చూపిస్తున్నారన్నది చిన్న విషయం కాదు. ఆయన చేసే పనికి మీరు జీతం ఇస్తారా, ఇద్దరూ భాగస్వాములుగా నమోదవుతారా అన్నది ఒక అకౌంటెంటును అడిగి తేల్చుకోండి. బీల్ దంపతులు తమ కొడుకులు బొమ్మల్లో బట్టల మడతలు, చుట్టూ వేసే రాతి అంచులు పూరిస్తే వాళ్లకు కూడా డబ్బు లెక్కగట్టి ఇచ్చేవారు. ఇంటివాళ్లే కదా అని ఊరికే చేయించుకోలేదు. పెద్దవాడు బార్తొలొమ్యూ చివరికి ఆ పని వదిలి వైద్యుడయ్యాడు, చిన్నవాడు చార్లెస్ చిత్రకారుడయ్యాడు. మీ అమ్మాయి సరదాపడితే కాన్వాసుకు మొదటి పూత వేయనివ్వండి, వేసినందుకు చేతిలో డబ్బు పెట్టండి. నాన్న దగ్గర పని చేస్తున్నావా అన్న ప్రశ్నకు మిగతా సగం జవాబు అది.

అత్తగారి సంగతి ఎక్కువ చెప్పను. ఆవిడకు చెప్పవలసింది కొడుకు, మీరు కాదు. మీరు చెబితే ఫిర్యాదులా వినిపిస్తుంది, ఆయన దాస్తే సిగ్గులా వినిపిస్తుంది. ఆయనే ఫోను చేసి, ఉద్యోగం పోయిందమ్మా, ఇప్పుడు ఇంట్లో ఈ పని చూస్తున్నాను అంటే వారం రోజులు ఏడుస్తారేమో, ఎనిమిదో రోజున మామగారి బొమ్మ ఒకటి వేసి పంపమంటారు. పెద్దవాళ్ల తీరు నాకు తెలుసు. అందరికీ "చార్లెస్‌ని" అని చెప్పుకునే మనిషి సొంత తల్లికి చెప్పలేకపోతున్నారంటే, ఉద్యోగం విషయంలో ఆయన మనసులో ఏముందో కూడా అక్కడే తెలుస్తుంది. వెళ్లాలని లేదన్నది మీ మీద ప్రేమా, కొత్త చోట మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడానికి భయమా? దెబ్బతిన్న మనిషి ఆ రెండింటినీ తనకు తాను కూడా విడదీసి చూసుకోలేడు. నెలాఖరు లోపల ఒక సాయంత్రం, పిల్లలు పడుకున్నాక, బొమ్మల ఊసు లేకుండా ఈ ఒక్కటే అడగండి. జవాబు వెంటనే రాకపోతే ఒత్తిడి చేయకండి.

ఇక నాలుగో వారం. మీ ఎనిమిది పేజీల్లో ఎక్కడా మీరు మీ కోసం వేసుకున్న బొమ్మ ఒక్కటీ లేదు. అన్నీ పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్లి ఆల్బముల ఫోటోలు. చనిపోయినవాళ్ల ముఖాలు రోజూ వేస్తే మనసు బరువెక్కదా? మేరీ బీల్ డబ్బు కోసం వేసేవి వేస్తూనే, చదువు కోసం, చేయి మెరుగుపడడం కోసం విడిగా బొమ్మలు వేసేది. కొడుకులు, భర్త, ఇంట్లో పనివాళ్లు, స్నేహితులు ఆమె ముందు కూర్చునేవారు. వాటికి మంచి కాన్వాసు ఖర్చెందుకని పరుపు గుడ్డ మీద, ఉల్లిపాయల సంచి గుడ్డ మీద వేసేది. ఆ సంగతి కూడా చార్లెస్ తన పుస్తకంలో రాశాడు, పైసా రాని పనికి కూడా పద్దులో చోటిచ్చాడు. నాకు అతనిలో నచ్చింది "ప్రియమైన హృదయం" అన్న మాట కన్నా ఇదే. కొడుకు బార్తొలొమ్యూను 1660 ప్రాంతంలో కాగితం మీద తైలవర్ణాలతో వేసిన చిన్న బొమ్మలు ఇప్పుడు టేట్ గ్యాలరీలో ఉన్నాయి. అందులో పిల్లవాడు ఎవరి కోసమూ కూర్చున్నట్టు ఉండడు. అమ్మ పిలిస్తే అలా తిరిగినట్టు ఉంటాడు.

చిత్రాలను చూడడం తప్ప వేయడం నాకు రాదు. నేను పెట్టిన ముగ్గుకు కూడా ఒక పక్క వాలు ఉంటుంది. అయినా ఒక పని అడుగుతాను. సఫోక్‌లో బరీ సెయింట్ ఎడ్మండ్స్ అనే ఊళ్లో మొయిసెస్ హాల్ అనే పాత రాతి భవనంలో మ్యూజియం ఉంది. మేరీ బీల్ చిత్రాలు ఎక్కువగా ఉన్న చోట్లలో అదొకటి. ఒక శనివారం ఆయన్ను ఇంట్లో పిల్లలతో ఉంచి మీరు ఒక్కరే వెళ్లిరండి. రైల్లో పక్క సీటు ఖాళీగా ఉంటే దాని మీద సంచి పెట్టుకోండి.

తిరిగివచ్చాక, ఇంట్లో బియ్యం సంచో పాత దుప్పటి ముక్కో ఏదో ఒకటి బిగించి పెట్టమని మీ ఆయన్ను అడగండి. ఆయన బాగా బిగిస్తారని మీరే రాశారు. మీ అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టండి. ఎంతకు అమ్ముతున్నాం అని ఆయన అడిగితే, అమ్మడం లేదు, పుస్తకంలో మాత్రం రాయండి అని చెప్పండి. నెలాఖరుకు ఏ జవాబు పంపారో తర్వాత నాకు రాయండి. ఆసుపత్రిలో ఉన్న ఆ తల్లి బొమ్మ మాట కూడా. ఆవిడ కూతురికి ఈ రోజే ఫోను చేయవచ్చు.